తేలికగా మండు ద్రావకములు – కోనసీమ రైతులు తీసికొనవలసిన జాగ్రత్తలు

వ్యవసాయ శాఖ పత్రికలో నాఫ్తా, హెక్సేను, జైలీను అను పేర్లు కనబడుట కొందరు పాఠకులకు వింతగా తోచవచ్చును. ఇవి కర్మాగారములలో వాడు సరుకులు గదా, వరి పండించు రైతుకు, కొబ్బరితోట యజమానికి వీనితో ఏమి పని యని అడుగవచ్చును. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములవారు ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు దూరము పోనక్కరలేదు. ఊడ్పుల తరువాత చేలో వాడు కలుపు మందు డబ్బాలో ద్రావకము కలదు. మిల్లు నుండి తవుడు కొనిపోయి నూనె తీయు కర్మాగారములో వాడునది ద్రావకమే. భూగర్భము నుండి సహజవాయువుతో పాటు పైకివచ్చు పలుచని నూనె, అనగా కండెన్సేటు, ఈ జాతికి చెందినదే. మన పొలముల క్రిందుగా పోవు గొట్టములలో అది ప్రవహించిన రోజులును కలవు. దాని ఫలితమును 2014లో కోనసీమ కన్నులారా చూచినది.

ద్రావకమనగా తనలో మరియొక పదార్థమును కరగించుకొను ద్రవము. నీరు ఉప్పును కరగించుకొన్నట్లే ఇవి నూనెలను, జిడ్డును, రంగులను, నీటిలో కరుగని పురుగుమందులను కరగించుకొనును. ముడిచమురునుగాని, కండెన్సేటునుగాని కాచి, వచ్చిన ఆవిరిని చల్లార్చి భాగములుగా విడదీయునపుడు ముందుగా వచ్చు తేలికపాటి భాగమునకు నాఫ్తా యని పేరు. తాటిపాకలో ఓ.ఎన్.జి.సి. వారు 2001లో నెలకొల్పిన చిన్న శుద్ధి కర్మాగారములో నాఫ్తా, కిరసనాయిలు, డీజిలు ఈ విధముగనే వేరుపరచిరి. నాఫ్తాలో 69 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగు భాగము హెక్సేను. ఇంకను బరువైనది, 140 డిగ్రీల ప్రాంతమున మరుగునది జైలీను. మనము మోటారు సైకిలులో పోయు పెట్రోలు, రంగులలో కలుపు థిన్నరు కూడ వీని బంధువులే. ఇవి యన్నియు నీటికంటె తేలికైనవి. నీటిలో కలియక పైన తేలును.

వీని విషయమున మొదట గ్రహింపవలసిన సంగతి యొకటి కలదు. మండునది ద్రవము కాదు, దాని ఆవిరి. ఆవిరి గాలిలో తగుపాళ్ళలో కలిసినపుడే నిప్పందుకొనును. హెక్సేను ఆవిరి గాలిలో నూటికి ఒక పాలు, ఒకటింబావు పాలు వరకు చేరినచో అది మండు మిశ్రమమగును. ఏడున్నర పాళ్ళు దాటినచో గాలి చాలక మండదు. ఆ రెంటి నడుమ నున్నంతసేపు ఒక్క నిప్పురవ్వ చాలును. ఎంత వేడిమి వద్ద ఒక ద్రవము ఈపాటి ఆవిరిని విడువగలదో దానిని ఫ్లాష్ పాయింటు అందురు. హెక్సేనుకు ఇది సున్నకు దిగువన 22 డిగ్రీలు. పెట్రోలుకు ఇంకను దిగువ. జైలీనుకు సుమారు 27 డిగ్రీలు. ఈ అంకెలను మన వాతావరణముతో పోల్చి చూడవలెను. మంచు గడ్డకట్టు దేశములలో సైతము హెక్సేనుకు నిప్పు భయము తప్పదు. జైలీను విషయము వేరు. చలిదేశపు గిడ్డంగిలో అది కొంత నెమ్మదిగా నుండును గాని, కోనసీమలో ఏడాదిలో అధిక భాగము పగటి వేడిమి 27 డిగ్రీలకు మించియే యుండును. ఇతర దేశములలో వ్రాసిన జాగ్రత్తలు ఇక్కడ చాలవని చెప్పుట ఇందుచేతనే.

ఇక మందుల సంగతి. డబ్బాపై మందు పేరు ప్రక్కన ఇ.సి. అను అక్షరములు ఉండును. బ్యుటాక్లోర్ 50 ఇ.సి., ప్రెటిలాక్లోర్ 50 ఇ.సి., క్లోరిపైరిఫాస్ 20 ఇ.సి. మొదలైనవి రైతు సోదరులు ఎరిగినవే. 20 ఇ.సి. అనగా నూరు పాళ్ళలో అసలు మందు ఇరువది పాళ్ళు మాత్రమే. మిగిలినదానిలో నీటితో కలియుటకు తోడ్పడు పదార్థము కొద్దిపాటిది పోగా తక్కినదంతయు ద్రావకమే. జైలీనుగాని, దానికంటె కొంచెము బరువై 40 డిగ్రీల ప్రాంతమున నిప్పందుకొను సాల్వెంటు నాఫ్తాగాని ఇందుకు వాడుదురు. నీటిలో పోసినపుడు పాలవలె తెల్లబడుట ఈ మందుల గుర్తు.

డబ్బాపై నుండు రంగు గుర్తును చూచి చాలమంది పొరపడుదురు. ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ రంగులు విషపు తీవ్రతను మాత్రమే తెల్పును. నిప్పు భయమునకును ఆ రంగులకును సంబంధము లేదు. ఆకుపచ్చ గుర్తు ఉన్నంత మాత్రమున డబ్బాను పొయ్యి ప్రక్కన పెట్టవచ్చునని అర్థము కాదు. నీటిలో కలిపిన తరువాత, అనగా లీటరు నీటికి కొద్ది మిల్లీలీటర్ల చొప్పున పలుచన చేసిన తరువాత, పిచికారీ ద్రవమునకు నిప్పు భయము లేదనియే చెప్పవచ్చును. భయమంతయు చిక్కని మందుతోనే. ఒకే మందు ఇ.సి. రూపములోను, నీటి ఆధారముగా తయారైన ఎస్.సి. రూపములోను దొరకునపుడు రెండవదానిని కొనుట మేలు. హెక్సాకొనజోల్ ఈ రెండు రూపములలోను లభించుచున్నది. ఈ విషయమై రైతు సేవా కేంద్రములోని గ్రామ వ్యవసాయ సహాయకుని అడిగి తెలిసికొనవచ్చును.

ఈ ద్రావకముల ఆవిరికి మరియొక గుణము కలదు. కోనసీమకు సంబంధించినంతవరకు ఇదియే ముఖ్యమని నా అభిప్రాయము. హెక్సేను ఆవిరి గాలికి మూడు రెట్లు బరువైనది. జైలీను ఆవిరి మూడున్నర రెట్లకు పైమాట. కావున అది పొగవలె పైకి పోదు. నీటివలె పల్లమునకు పారును. గాలి కదలని వేళ నేలను అంటి ప్రాకుచు గుంటలలో, బోదెలలో, మురుగు కాలువలలో నిలిచియుండును. మన తోటలు చూడుడు. కొబ్బరి వరుసల నడుమ బోదెలు, గట్ల వెంబడి పంట కాలువలు, ఊరి చివర డ్రెయిను, ఇండ్లన్నియు చెట్ల నడుమ. చెట్ల నీడ దట్టమైనచోట గాలి వీచదు. రాత్రి చల్లబడిన తరువాత తెల్లవారువరకు ఆకు కదలని రోజులెన్నో కలవు. ఆవిరి పేరుకొనుటకు ఇంతకంటె అనువైన నేల వేరొకటి ఉండదు. ద్రవము ఒలికిన చోటికిని నిప్పున్న చోటికిని ఎంతో దూరము ఉన్నను, నడుమ ఆవిరి తెగకుండ పరచుకొనియున్నచో మంట ఆ దారిన వెనుకకు పరుగెత్తి మూలస్థానమును చేరును.

1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడి వద్ద చమురు బావి పేలి మంటలు లేచినవి. మార్చి 15వ తేదీన వానిని అదుపులోనికి తెచ్చువరకు, ఇంచుమించు 65 దినములు, ఆ బావి మండెను. అంత పెద్ద మంటను చూచి భయపడనివారు లేరు. కాని అది కంటికి కనబడు ప్రమాదము. చుట్టుప్రక్కలవారిని ముందుగానే దూరము పంపివేయుటకు వీలు కలిగెను. 2014 జూను 27వ తేదీన మామిడికుదురు మండలము నగరం గ్రామములో జరిగినది వేరు జాతి ప్రమాదము. అక్కడ గెయిల్ సంస్థవారి 18 అంగుళముల గొట్టము తాటిపాక వైపునుండి విజయవాడ దగ్గరి కొండపల్లిలోని విద్యుత్ కేంద్రమునకు వాయువును కొనిపోవుచుండెను. తెల్లవారుజామున గొట్టమునుండి వెలువడిన వాయువు పరిసరములందంతట పరచుకొనెను. ఐదున్నర గంటల ప్రాంతమున అది ఒక్కసారిగా అంటుకొని ఇండ్లు, దుకాణములు, కొబ్బరి చెట్లు కాలిపోయెను. ఇరువదిమందికి పైగా చనిపోయిరి. నిద్రలో నుండగనే మంటలలో చిక్కినవారు వారిలో కలరు. టీ దుకాణములో పొయ్యి వెలిగించుటచే నిప్పంటుకొనియుండునని నాడు పత్రికలలో వచ్చెను. అంతకుముందు కొంతకాలముగా ఆ ప్రాంతమున వాయువు వాసన వచ్చుచుండెనని గ్రామస్థులు చెప్పిరి.

తరువాత జరిగిన విచారణలో తేలినది రైతులును గ్రామోద్యోగులును తెలిసికొనదగినది. ఆ గొట్టము తేమలేని పొడి వాయువు కొరకు ఏర్పరచబడినది. దానిలో నీరును కండెన్సేటును కలిసిన వాయువు పోయినందున గొట్టము లోపలి భాగము తుప్పుపట్టి చిల్లుపడినది. సహజవాయువులో ప్రధానమైన మీథేను గాలికంటె తేలిక. అది ఒంటిగా వెలువడినచో చాలవరకు పైకి పోయి చెదరిపోవును. కండెన్సేటు వెలువడినపుడు మాత్రము దాని ఆవిరి, పైన చెప్పినట్లు, నేలబారున ప్రాకును. ఊరివారు మేలుకొని దినచర్య ఆరంభించు వేళకు అది ఇంటి గడపలను చేరియుండును. తెల్లవారుజామున ఊరిలో మొట్టమొదట వెలుగునది పొయ్యియే గదా.

కండెన్సేటును గుర్తుపట్టుట కష్టము కాదు. నీరువలె పలుచగా, తెల్లగాగాని లేత పసుపుగాగాని యుండి పెట్రోలు వాసన వేయును. కాలువ నీటిపైనను చేలోని నీటిపైనను ఇంద్రధనుస్సు రంగులతో పలుచని పొరవలె తేలును. గొట్టము పోవు దారిలో అకారణముగా పైరుగాని గడ్డిగాని ఎండి పసుపుబారుట, నిలువ నీటిలో బుడగలు లేచుట, బుసకొట్టు శబ్దము వినబడుట కూడ గుర్తులే. ఇట్టివి చూచినవారు అది ఏమో తెలిసికొనవలెనని అగ్గిపుల్ల గీయుట ప్రాణముతో చెలగాటము. ఊరకే దొరకినది గదా యని డబ్బాలలో పట్టి ఇంజనులలో పోయుటకు, పొయ్యి రాజేయుటకు ఇంటికి తెచ్చుకొనుట అంతకంటె తక్కువ కాదు.

వాసన తెలిసిన వెంటనే పొయ్యిలు ఆర్పించి, గాలి వచ్చు దిక్కునకు, మెరక వైపునకు జనమును నడిపింపవలెను. పల్లమునకు పోరాదు. ఆ ప్రాంతమున మోటారు సైకిలు స్టార్టు చేయరాదు. ఇంటిలో విద్యుద్దీపపు మీటను వేయరాదు, వెలుగుచున్నదానిని తీయనుకూడదు. మీట వేసినను తీసినను నిప్పురవ్వ పుట్టును. పశువులను కట్టుగొయ్యల నుండి విప్పి విడువవలెను. దూరము వచ్చిన తరువాతనే ఫోను చేయవలెను. అగ్నిమాపక కేంద్రమునకు 101, అత్యవసర సేవకు 112. గొట్టము వెంబడి నాటిన గుర్తు స్తంభములపై ఆ సంస్థవారి నంబరు వ్రాసియుండును. ఆ నంబరును గ్రామ సచివాలయములో గోడపై వ్రాయించి యుంచుట గ్రామోద్యోగులు నేడే చేయదగిన పని. అర్ధరాత్రి చీకటిలో స్తంభము వెదకుచు పోవుట సాగదు గదా.

ఈ గొట్టములు పోవు భూమిపై 1962వ సంవత్సరపు చట్టము ప్రకారము సంస్థవారికి వినియోగ హక్కు ఏర్పడును. భూమి రైతుదే. పైరు వేసికొనవచ్చును. కాని ఆ పట్టీలో ఇల్లుగాని పాకగాని కట్టుట, బావిగాని చెరువుగాని త్రవ్వుట, చెట్లు నాటుట చట్టవిరుద్ధము. ఇది రైతును బాధించుటకు పెట్టిన నిబంధనగా కొందరు తలంతురు. నష్టపరిహారము విషయమై వారికి గల అసంతృప్తి వేరు సంగతి, దానిని కాదనలేము. కాని వరి చేలను చేపల చెరువులుగా, రొయ్యల చెరువులుగా మార్చుచున్న ఈ కాలములో యంత్రముతో త్రవ్వించునపుడు ఈ పట్టీని గమనింపకున్నచో యంత్రపు పండ్లు నేరుగా గొట్టమును తగులును. చెరువు పనికి ముందు గ్రామ రెవిన్యూ అధికారివద్ద పటము చూచి, సంస్థవారిని పిలిపించి, గొట్టము పోవు దారిని సున్నముతో గీయించుకొనవలెను. కొబ్బరి వేళ్ళు గొట్టపు పైపూతను చెరచును గనుక చెట్ల విషయమునను పట్టుదల చూపుట న్యాయమే.

గొట్టముల సంగతి ఒకరి చేతిలోనిది కాదు. ఇంటిలోను పొలములోను ఉంచుకొను ద్రావకముల సంగతి పూర్తిగా మన చేతిలోనిదే. ఇచ్చట ఒక లెక్క చెప్పవలసి యున్నది. ఒక లీటరు హెక్సేను పూర్తిగా ఆవిరియైనచో సుమారు 190 లీటర్ల ఆవిరి వచ్చును. అది గాలిలో నూటికి 1.2 పాళ్ళ చొప్పున కలిసినచో 16 ఘనమీటర్ల గాలిని మండు మిశ్రమముగా మార్చును. ఎనిమిదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తుగల గది మొత్తము ఇంతే. అనగా ఒక సీసా పగిలినచో ఒక గది. నిజమునకు ఆవిరి గది నిండునంతవరకు వేచియుండదు. నేలనుండి మోకాలి ఎత్తువరకు పేరుకొన్నను చాలును. ఆ ఎత్తులో కూర్చుండి బీడీ వెలిగించువాడు మన పొలములలో తరచుగా కనబడును.

మోటారు పాకలో పురుగుమందు డబ్బాలు, స్ప్రేయరు, దానికి కావలసిన పెట్రోలు డబ్బా ఒకేచోట పెట్టి తాళము వేయు అలవాటు మన ప్రాంతములో చాలచోట్ల చూచుచున్నాము. దొంగల భయము, పిల్లల భయము లేదని రైతుల ధైర్యము. కాని మోటారు స్టార్టరు ఉన్నది అక్కడనే. పొద్దున కరెంటు రాగానే స్టార్టరు నొక్కునపుడు లోపల మెరపు మెరియును. రాత్రియంతయు తలుపులు మూసిన పాకలో మూత వదులైన డబ్బా ఒకటి యున్నచో ఫలితము వేరే చెప్పనక్కరలేదు. మందులకును పెట్రోలుకును స్టార్టరునకు దూరముగా, నేలమట్టమున గాలి పోవుటకు క్రిందిభాగములో కంతలుగల చిన్న అర వేరుగా కట్టించుకొనవలెను. పైన కిటికీ పెట్టిన చాలునను తలంపు సరికాదు. బరువైన ఆవిరి క్రింది కంతల గుండనే బయటపడును. కప్పు తాటాకుగాని కొబ్బరాకుగాని కాకుండుట మంచిది. ఎండు కొబ్బరాకు ఎంత తొందరగా మండునో ఈ ప్రాంతపువారికి నేను చెప్పవలసిన పని లేదు.

పవరు స్ప్రేయరులో పెట్రోలు అయిపోయినపుడు ఇంజను చల్లారువరకు ఐదు పది నిమిషములు ఆగి పోయవలెను. వీపున తగిలించుకొని యుండగనే వేరొకరిచేత పోయించుకొనుట ఎంతమాత్రము పనికిరాదు. పెద్ద డబ్బానుండి చిన్నదానిలోనికి గొట్టముపెట్టి నోటితో పీల్చుట పెట్రోలు విషయమునను మందు విషయమునను మానవలెను. మందు ఒలికి తడిసిన లుంగీతోగాని చొక్కాతోగాని పొయ్యి దగ్గరకు పోరాదు. ముందు బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్ళు కడిగికొని, ఆ తరువాత బీడీ సంగతి చూచుకొనవచ్చును.

ఖాళీ డ్రమ్ముల విషయము ప్రత్యేకముగా చెప్పవలెను. రెండువందల లీటర్ల ఇనుప డ్రమ్మును కొని, వెల్డింగు దుకాణములో పైభాగము కోయించి కుడితి తొట్టిగానో నీళ్ళ తొట్టిగానో వాడుకొనుట పల్లెలలో మామూలు. నిండు డ్రమ్ముకంటె ఖాళీ డ్రమ్మే ప్రమాదకరమని చెప్పినచో చాలమంది నమ్మరు. నిండుగా నున్న దానిలో ఆవిరికి చోటు తక్కువ, గాలి చాలదు. ఖాళీ డ్రమ్ములో గాలి కావలసినంత కలదు. రెండువందల లీటర్ల గాలిని మండు మిశ్రమముగా చేయుటకు రెండు లీటర్లన్నర ఆవిరి చాలును. అంత ఆవిరి రెండు మూడు చిన్న చెంచాల హెక్సేను నుండి వచ్చును. డ్రమ్ము అడుగు మడతలో అంతకంటె ఎక్కువయే మిగిలియుండును. జైలీను వంటిది చల్లగా నున్నపుడు తగినంత ఆవిరి విడువకపోయినను, కోయు మంట వేడికి వెంటనే విడుచును. డ్రమ్ము బాంబువలె పేలి మూత ఎగిరి కోయువాని ముఖమునకు తగులును. నీటితో రెండుసార్లు కడిగితిమి గదా యనిన లాభములేదు. నీటిలో కలియని పదార్థము నీటితో పోదు. ఏమి పోసి యుంచినదో తెలియని డ్రమ్మును కోయింపనే కూడదు. పురుగుమందు డబ్బాలను ఏ పనికిని తిరిగి వాడరాదు. మందు కలుపునపుడే మూడు మారులు కడిగి, ఆ నీటిని పిచికారీ తొట్టిలోనే పోసి, డబ్బాకు కంతలు పొడిచి పనికిరాకుండ చేయవలెను.

మంట లేచినచో బిందెలతో నీరు కుమ్మరించుట మన సహజ స్వభావము. ద్రావకపు మంట విషయములో ఇది కీడే చేయును. ద్రావకము నీటిపై తేలి, నీరు పారిన మేరకెల్ల మండుచు పోవును. నీటితో చుట్టుప్రక్కల పాకలను, గడ్డివాములను తడుపుట మంచిదే, మంటమీద మాత్రము పోయరాదు. చిన్న గిన్నెలోగాని డబ్బాలోగాని మంట పుట్టినపుడు తడిగోనెను దానిపై కప్పి గాలి ఆడకుండ చేయవలెను. నేలపై ఒలికి మండుచున్నదానిని ఇసుకతో కప్పవలెను. గోదావరి ఇసుకకు మనకు కొదువలేదు. మందుల కొట్టులోను, స్ప్రేయర్లు ఉంచుచోటను రెండు బకెట్ల పొడి ఇసుక ఎల్లప్పుడు సిద్ధముగా నుండవలెను. పొడి రసాయనపు అగ్నిమాపక యంత్రము ఉన్నచో ఇంకను మంచిది. మంట మనిషి ఎత్తు దాటినపుడు ఆర్పు ప్రయత్నము విడిచి, మనుషులను దూరము చేసి, అగ్నిమాపకదళము కొరకు వేచియుండవలెను.

నిప్పు లేకున్నను ఈ ద్రావకములు శరీరమునకు హాని చేయును. మూసిన గదిలో ఆవిరి పీల్చినవారికి తల తిరుగుట, మత్తు, వాంతి వచ్చినట్లుండుట కలుగును. చర్మముపై జిడ్డును కరగించి పగుళ్ళు తెచ్చును. అట్టి పగిలిన చర్మము గుండ పురుగుమందు సులభముగా లోపలికి పోవును. హెక్సేనును చాలకాలము పీల్చినవారికి నరములు దెబ్బతిని కాళ్ళు చేతులు తిమ్మిరెక్కి పట్టుతప్పును. 1960 తరువాతి సంవత్సరములలో జపానులో ఇంటిలోనే చెప్పులు అతికించు పనివారిలో ఈ జబ్బు కనబడినది. జిగురులోని హెక్సేనే కారణమని అప్పుడు గ్రహించిరి.

ఇ.సి. మందునుగాని పెట్రోలునుగాని ఎవరైన మ్రింగినచో ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు, చింతపండు రసము త్రాగించి కక్కించుట పల్లెలలో వాడుక. ఇది చేయరాదు. కక్కునపుడు పలుచని ద్రావకము ఊపిరితిత్తులలోనికి జారును. కొద్ది చుక్కలు చేరినను ఊపిరితిత్తులు వాచి ప్రాణాపాయము కలుగును. రోగిని ఎడమ ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, 108 వాహనమును పిలిచి, మందు డబ్బానుకూడ ఆసుపత్రికి కొనిపోవలెను. డబ్బాపై చీటీని బట్టియే వైద్యుడు విరుగుడు నిర్ణయించును.

తవుడు సంగతికి వచ్చెదము. తవుడులో నూటికి 15 నుండి 20 పాళ్ళ నూనె కలదు. బియ్యము మరపట్టిన వెంటనే తవుడులోని లైపేజు అను పదార్థము నూనెను విరుచుట ఆరంభించును. కావున ఆలస్యము లేకుండ నూనె తీయవలెను. ఒత్తి తీసినచో చాల నూనె మిగిలిపోవును. అందుచే తవుడును హెక్సేనులో నానబెట్టి, నూనె కరిగిన ద్రావకమును కాచి, హెక్సేనును మరల పట్టి వాడుదురు. ఇట్లు చేసినచో తవుడులో మిగులు నూనె నూటికి ఒక పాలు మాత్రమే. ఇట్టి కర్మాగారములలో పనిచేయు మన పల్లెల యువకులు లోపలికి బీడీ, అగ్గిపెట్టె, ఇనుప నాడాలు కొట్టిన చెప్పులు కొనిపోరాదు. నూనె తీసిన తవుడు చేపల మేతకు, పశువుల దాణాకు బస్తాలలో మన గ్రామములకు వచ్చును. బస్తా విప్పగనే పెట్రోలు వాసన వచ్చినచో ద్రావకము పూర్తిగా పోలేదని గ్రహించి, ఆ సరుకును మూసిన గోదాములో ఉంచక ఆరుబయట ఉంచి, అమ్మినవానికి తిరిగి పంపవలెను.

ద్రావకమును కాలువలో పారబోయుటవలన ఏమగునో అమెరికాలోని లూయీవిల్ నగరమునకు తెలిసినది. 1981 ఫిబ్రవరి 13వ తేదీన అచ్చట సోయాచిక్కుడు నుండి నూనె తీయు కర్మాగారమునుండి హెక్సేను భూగర్భ మురుగు గొట్టములలో చేరెను. తెల్లవారుజామున ఒక కారునుండి వచ్చిన నిప్పురవ్వ ఆ ఆవిరికి తగిలి, రెండు మైళ్ళకు పైగా వీధులు పేలి క్రుంగిపోయెను. రోడ్లపై జనము లేని వేళ యగుటచే ఎవరును చనిపోలేదు. నలుగురికి గాయములు తగిలెను. మిగిలిన మందును, పాత పెట్రోలును, థిన్నరును బోదెలోనో మురుగు కాలువలోనో పోయువారు ఈ సంగతి తలచుకొనవలెను. మన కాలువలు పై కప్పు లేనివి గనుక అంత విపత్తు రాకపోవచ్చును. తూముల క్రిందను, రోడ్డు దాటు గొట్టములలోను మాత్రము ఆవిరి నిలుచును. చేపలు, బాతులు చచ్చుట ఎటులను తప్పదు.

నిల్వకు సంబంధించి 1934వ సంవత్సరపు పెట్రోలియం చట్టము హద్దులు పెట్టినది. 23 డిగ్రీలకు దిగువన నిప్పందుకొను పెట్రోలు, హెక్సేను, నాఫ్తా వంటివి ఎ తరగతికి చెందును. అమ్మకమునకు కాక స్వంత వాడుకకు, మొత్తము 30 లీటర్లకు మించనంతవరకు లైసెన్సు లేకుండ ఉంచుకొనవచ్చును. అదియు గాజుగాని జాడీగాని అయినచో ఒక లీటరుకు మించని పాత్రలోను, లోహపు డబ్బా అయినచో 25 లీటర్లకు మించని దానిలోను ఉండవలెను. నీళ్ళు త్రాగి పారవేసిన ప్లాస్టికు సీసాలకు చట్టము చెప్పిన ఈ పాత్రలలో చోటు లేదు. కిరాణా కొట్టులో వరుసగా వ్రేలాడదీసి పెట్రోలు అమ్ముచున్న సీసాలు కనబడినచో గ్రామోద్యోగులు తహశీల్దారుకు తెలుపవలెను.